‘అది వాళ్ల పేపరు’ అని తేలాక ఏం చేయాలి? వార్తల్లో, పరిశోధనల్లో రాజకీయ మొగ్గును తూచే పద్ధతి

క్లుప్తంగా: తెలుగు పత్రికలకు, చానళ్లకు రాజకీయ మొగ్గు ఉండటం రహస్యమేమీ కాదు. ఆ మొగ్గు ఒక్కో వార్తలో ఎక్కడ కూర్చుందో కనిపెట్టడమే విద్యార్థికి చిక్కు. వార్తను ఎంచుకోవడంలో, క్రియాపదంలో, వదిలేసిన అంకెలో అది ఉండొచ్చు. పరిశోధనా పత్రాల్లోనైతే నిర్వచనంలో, నిధుల్లో దొరుకుతుంది. విశాఖ విద్యార్థుల చేతుల్లో రోజూ ఉండే ఉదాహరణలతోనే దీన్ని విప్పి చూడొచ్చు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున పూట పత్రికల బల్ల దగ్గర కుర్చీ దొరకడం కష్టం. గ్రూప్–1, గ్రూప్–2, సివిల్స్, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు నాలుగైదు దినపత్రికలు పరుచుకుని నోట్సు రాసుకుంటారు. ఒకే రోజు, ఒకే ఊరు, ఒకే సంఘటన. ఒక పేపర్లో అది పతాక శీర్షిక. ఇంకో పేపర్లో ఏడో పేజీలో రెండు కాలాల వార్త. మూడో దాంట్లో వెతికినా కనపడదు. నోట్సు రాసే చెయ్యి అక్కడ ఆగిపోతుంది. పక్క కుర్చీ నుంచి వచ్చే సలహా సాధారణంగా ఒకటే: ‘‘అది వాళ్ల పేపర్రా, వదిలెయ్.’’

ఆ సలహాలో సగం నిజముంది. మిగతా సగం నష్టం చేస్తుంది. పత్రికకు మొగ్గు ఉందని తెలిసినంత మాత్రాన అందులోని ఒక వాక్యం అబద్ధమని తేలదు. మొగ్గు ఉన్న పత్రికే ఒక్కోసారి అవతలి పక్షం దాచిన కాగితాన్ని బయటికి లాగుతుంది. ఏ మొగ్గూ లేదని పేరున్న సంస్థ ఒక్కోసారి ప్రభుత్వ ప్రకటనను అక్షరం మార్చకుండా అచ్చేస్తుంది. పోటీ పరీక్షలో వ్యాసం రాయాల్సిన అబ్బాయి అయినా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన అమ్మాయి అయినా పేపరును మొత్తంగా నమ్మితే మోసపోవచ్చు, మొత్తంగా తోసేస్తే సగం సమాచారం పోగొట్టుకుంటారు.

విశాఖతో ముడిపడ్డ చరిత్ర

ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలోనే మొదలైంది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం మరుసటి ఏడాది ఆరంభంలోనే అధికారానికి వచ్చింది. ఆ ఎదుగుదలలో ఈనాడు పాత్ర ఎంత అన్నది మీడియా పరిశోధకులు అప్పటి నుంచీ చర్చిస్తున్న విషయం. 1960లో వచ్చిన ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి, 2002లో వేమూరి రాధాకృష్ణ యాజమాన్యంలో మళ్లీ తెరుచుకుంది. 2008 మార్చిలో వైఎస్ జగన్‌మోహన్‌రెడ్డి సాక్షిని ప్రారంభించారు. విశాలాంధ్ర సీపీఐ పత్రిక, ప్రజాశక్తి సీపీఎం పత్రిక. ఇందులో దాచిందేమీ లేదు.

ఇంకా వెనక్కి వెళితే తెలుగు పత్రికారంగం ఎదుగుదలే ఒక పక్షం వైపు నిలబడి జరిగింది. 1902లో కృష్ణాపత్రిక, 1908లో ఆంధ్రపత్రిక జాతీయోద్యమం పక్షాన పనిచేశాయి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు తన పత్రికలో వచ్చిన రాతకు 1908లో జైలుకు వెళ్లారు. కాబట్టి పత్రికకు ఒక పక్షం ఉండటం తప్పు అనే చోట మొదలుపెడితే విశ్లేషణ ముందుకు సాగదు. ఆ పక్షం పాఠకుడికి తెలిసేలా ఉందా అన్నది ముఖ్యం. ఆ లెక్కన పార్టీ పత్రికలను తూచడమే తేలిక: తక్కెడ ఎటు వంగిందో మొదటి పేజీ మీదే రాసి ఉంటుంది. పక్షం చెప్పని వెబ్‌సైటును, పేరూ ఊరూ లేని యూట్యూబ్ చానల్‌ను తూచడం అంతకన్నా చాలా కష్టం.

యజమాని ఎవరో తెలుసుకోవడానికి పత్రికలోనే ఒక దారి ఉంది, దాన్ని వాడేవాళ్లు మాత్రం తక్కువ. చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు ఉంటాయి. 1956 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ నిబంధనల కింద ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే తొలి సంచికలో ‘ఫారం 4’ అనే ప్రకటన వేసేది. అందులో యజమానుల పేర్లతో పాటు మొత్తం మూలధనంలో 1 శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు కూడా ఇవ్వాలి. 1867 నాటి పాత పత్రికల చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా గ్రంథాలయంలో పాత సంచికలున్న చోట మార్చి మొదటి వారం పేపరు తీస్తే ఆ పెట్టె కనిపిస్తుంది. చానళ్ల విషయంలో కంపెనీ వివరాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడాలి.

డబ్బు ఎటు నుంచి వస్తుంది

యజమాని ఒక్కడే మొగ్గును నిర్ణయిస్తాడనుకోవడం తొందరపాటు. పత్రిక అమ్మకం ధర కాగితం ఖర్చుకే చాలదు, నడిపేది ప్రకటనలు. ప్రైవేటు ప్రకటనలు తగ్గిన రోజుల్లో ప్రభుత్వ ప్రకటనల బరువు పెరుగుతుంది. ఏ పత్రికకు ఎంత ఇవ్వాలన్నది అధికారంలో ఉన్నవారి చేతిలో ఉంటుంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు రూ.200 చొప్పున ఇస్తూ ఉత్తర్వులిచ్చింది. ఈనాడు యాజమాన్య సంస్థ దాన్ని కోర్టులో సవాలు చేసింది. ప్రజాధనం పత్రికల్లోకి ప్రవహించే దారి ఎంత పెద్ద రాజకీయ వివాదమవుతుందో ఆ కేసు చూపించింది.

జిల్లా పేజీల్లో లెక్క వేరు. మండల స్థాయి కంట్రిబ్యూటర్‌కు వార్త రాయడంతో పాటు ప్రకటన తెచ్చే బాధ్యత కూడా ఉండటం ఈ రంగంలో మామూలు. పండగ శుభాకాంక్షల ప్రకటన ఇచ్చిన స్థానిక నాయకుడి మీద మరుసటి వారం కటువైన వార్త రాయడం అతనికి ఎంత కష్టమో ఊహించొచ్చు. అందుకే ఒకే పత్రిక మొదటి పేజీలో ఒక పార్టీని చీల్చి చెండాడుతూ, జిల్లా పేజీలో అదే పార్టీ కార్పొరేటర్‌ను మెచ్చుకుంటూ కనిపిస్తుంది. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకుని వార్తగా అచ్చేసే ‘పెయిడ్ న్యూస్’ మీద ప్రెస్ కౌన్సిల్ విచారణ జరిపి 2010లో నివేదిక ఇచ్చింది. ఇప్పుడు ఎన్నికల వేళ ప్రతి జిల్లాలో మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ పనిచేస్తుంది.

మూడో ఒత్తిడి పాఠకుడిదే. అమెరికాలో జెంట్జ్‌కో, షాపిరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. చనిపోయినవారి ఆస్తి మీద పడే ఒకే పన్నును ఒక పార్టీ సభ్యులు ‘మరణ పన్ను’ అంటారు, ఇంకో పార్టీ వాళ్లు ‘ఎస్టేటు పన్ను’ అంటారు. ఇలాంటి పదబంధాలు ఏ పత్రికలో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి పత్రికల మొగ్గును కొలిచారు. యజమాని ఎవరన్న దానికంటే ఆ ఊరి పాఠకులు ఎటు ఉన్నారన్నదే పత్రిక భాషను ఎక్కువగా నిర్ణయిస్తోందని తేలింది. యజమానికీ పార్టీకీ మధ్య గోడ చాలా పల్చగా ఉండే తెలుగు నేల మీద ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అతికించలేం. కానీ ఒక పార్టీ అభిమాని తనకు నచ్చే పేపరునే చందా కట్టి తెప్పించుకోవడం, యూట్యూబ్ అతను చూసిన దాన్నే మళ్లీ మళ్లీ వడ్డించడం ఇక్కడా రోజూ జరిగేదే.

క్రియాపదంలో దాగిన తీర్పు

వాడిన మాటలను బట్టి మొగ్గును కొలిచే పద్ధతి తెలుగుకు ఇంకా బాగా నప్పుతుంది. ఒక నాయకుడి మాటను అచ్చేయడానికి తెలుగులో క్రియలకు కొదవ లేదు. అన్నారు, చెప్పారు, తెలిపారు, పేర్కొన్నారు. ఇవి మాటను మోసుకొస్తాయి, అంతే. ‘వెల్లడించారు’ అన్నప్పుడు ఆ విషయం నిజమని పత్రిక ఒప్పేసుకుంది, ఎందుకంటే లేనిదాన్ని ఎవరూ వెల్లడించలేరు. ‘స్పష్టం చేశారు’లోనూ కాస్త ఆమోదం ఉంది. ‘ఆరోపించారు’ అనగానే రుజువు చేయాల్సిన బరువు నాయకుడి మీద పడింది. ‘ధ్వజమెత్తారు’, ‘నిప్పులు చెరిగారు’ అంటే ధర్మాగ్రహం. అదే కోపం అవతలి పార్టీ నాయకుడికి వస్తే ‘అక్కసు వెళ్లగక్కారు’, ‘విషం చిమ్మారు’, ‘నోరు పారేసుకున్నారు’ అయిపోతుంది. ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడారన్నదే జరిగిన సంగతి. మిగతాదంతా సబ్ ఎడిటర్ కలం.

దీనికి ఒక తేలికైన కసరత్తు ఉంది. వార్తలోని ఇలాంటి క్రియలన్నీ కొట్టేసి ‘అన్నారు’ అని పెట్టి మళ్లీ చదవాలి. ‘‘ప్రభుత్వం రైతులను నట్టేట ముంచిందని ప్రతిపక్ష నేత నిప్పులు చెరిగారు’’ అన్న వాక్యం ‘‘ప్రభుత్వం రైతులకు నష్టం చేసిందని ప్రతిపక్ష నేత అన్నారు’’ అవుతుంది. ఇప్పుడు ప్రశ్నలు వాటంతటవే లేస్తాయి. ఏ పంట? ఏ జిల్లా? ఎంత నష్టం? వాటికి వార్తలో జవాబు ఉంటే అది నోట్సులోకి ఎక్కాల్సిన సమాచారం. లేకపోతే ఆ వార్తలో క్రియాపదం తప్ప ఇంకేమీ లేదు.

రెండో గుర్తు కర్త లేని వాక్యం. ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘చర్చ సాగుతోంది’, ‘గుసగుసలు వినిపిస్తున్నాయి’. ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు అన్నది లేకుండా వాక్యం పూర్తి కావడానికి తెలుగు వ్యాకరణం ఇచ్చే వెసులుబాటు చాలా పెద్దది. సమాచారం ఇచ్చినవాడి ఉద్యోగం పోకుండా కాపాడటానికి విలేకరికి ఒక్కోసారి ఇది నిజంగానే అవసరం. కానీ పది వాక్యాల వార్తలో ఎనిమిది ఇలాగే ఉంటే, పేరున్న మనిషి గానీ నంబరున్న జీవో గానీ ఒక్కటీ లేకపోతే దాన్ని వార్తగా కాక ఊహగా రాసుకోవాలి. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉన్నవీ ఈ కోవలోవే.

పేర్లు పెట్టడంలోనూ మొగ్గు తెలుస్తుంది. ‘కూటమి ప్రభుత్వం’ అనడానికీ ‘బాబు సర్కారు’ అనడానికీ, ‘గత ప్రభుత్వం’ అనడానికీ ‘జగన్ జమానా’ అనడానికీ తేడా ఉంది. అయితే ప్రతి తేడాలోనూ కుట్ర వెతకనక్కర్లేదు. వైఎస్సార్‌సీపీని ‘వైకాపా’ అని రాసే పత్రికే టీడీపీని ‘తెదేపా’ అనీ బీజేపీని ‘భాజపా’ అనీ రాస్తుంటే అది ఆ డెస్కు పాటించే భాషా నియమం. అన్ని పార్టీలకూ ఒకే అచ్చు వాడుతున్నారా లేదా అన్నదే పరీక్ష.

ఉక్కు ప్యాకేజీ: ఒక వార్తను విప్పితే

విశాఖ ఉక్కు మీద వార్తల్లో ఏ మాటా తేలిగ్గా ఉండదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ ఉద్యమం లేచి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాక, 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఈ కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో ప్రభుత్వ వాటాను నూటికి నూరు శాతం ఉపసంహరించడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ ఒక్క నిర్ణయానికే మూడు పేర్లు చెలామణిలోకి వచ్చాయి. కేంద్రం కాగితాల్లో అది ‘వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ’. పత్రికల్లో ‘ప్రైవేటీకరణ’. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో ‘అమ్మకం’. మూడూ ఒకే చర్యను చెప్పినా, ఏ మాట వాడితే ఆ మాట వెనకున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. కేంద్ర ప్రకటనలోనే ‘ప్రైవేటీకరణ ద్వారా’ అన్న మాట ఉంది కాబట్టి ఇక్కడ పత్రికల మాటను అతిశయోక్తి అనలేం. మూలపత్రం చదివితేనే ఇలాంటి సంగతులు తెలుస్తాయి.

తర్వాత 2025 జనవరి 17న రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటన వచ్చింది. ఇలాంటి వార్తకు కనీసం మూడు నిజమైన శీర్షికలు పెట్టొచ్చు. ‘విశాఖ ఉక్కుకు రూ.11,440 కోట్లు’ అన్నది ఒకటి. ‘2021 నిర్ణయం సంగతేమిటి?’ అన్నది రెండోది. ‘సొంత గనుల ఊసేది?’ అన్నది మూడోది. ఏదీ అబద్ధం కాదు. మొదటిది చదివినవాడు సమస్య తీరిపోయిందనుకుంటాడు. మిగతా రెండూ చదివినవాడు ఏమీ జరగలేదనుకుంటాడు. మొగ్గు అబద్ధంగా కంటే ఇలా ఎంపికగానే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఇచ్చిన ప్రకటన తీసి అంకెను విడదీస్తే, రూ.11,440 కోట్లలో రూ.10,300 కోట్లు ఈక్విటీ, అంటే కేంద్రం వాటా మూలధనంగా పెట్టే కొత్త డబ్బు. మిగతా రూ.1,140 కోట్లు అప్పటికే ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ రుణం, అంటే రోజువారీ నిర్వహణకు ఇచ్చిన అప్పు. దాన్ని 7 శాతం డివిడెండ్ ఉండే ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చి, పదేళ్ల తర్వాత తిరిగి చెల్లించేలా ఏర్పాటు చేశారు. ఆ షేర్లు నాన్ క్యుములేటివ్ రకం కాబట్టి ఒక ఏడాది డివిడెండ్ ఇవ్వలేకపోతే అది బకాయిగా మరుసటి ఏడాదికి పేరుకోదు. పొగిడే వార్తకు మొత్తం అంకె చాలు. విమర్శించే వార్తకు రుణాన్ని షేర్లుగా మార్చిన భాగం చాలు. వ్యాసం రాసే విద్యార్థికి రెండు భాగాలూ కావాలి, అవి రెండూ ఒక్క పేజీ ప్రకటనలోనే ఉన్నాయి.

పీఐబీ కూడా ఒక పక్షమే, అది ప్రభుత్వ గొంతు. తేదీ, మొత్తం, నిర్ణయం ఏమిటన్న వాటికి అది గట్టి ఆధారం. ఆ నిర్ణయం మంచిదా, చాలుతుందా అన్న దానికి కాదు. అలాగే కార్మిక సంఘాల కరపత్రం, అంటే కేంద్ర ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం చేయాలి, సొంత గనులు కేటాయించాలి అన్న డిమాండు, కార్మికులు ఏం కోరుతున్నారన్న దానికి మొదటి స్థాయి ఆధారం. కర్మాగారం నష్టాలకు పూర్తి కారణమేమిటన్న దానికి అది ఒక వాదన మాత్రమే. ఒకే కాగితం ఒక ప్రశ్నకు బలమైన ఆధారమై, ఇంకో ప్రశ్నకు బలహీనమవుతుంది. సంస్థకు మార్కులు వేసే పద్ధతి కంటే ప్రశ్నకు తగ్గట్టు ఆధారాన్ని తూచే ఈ పద్ధతే మెరుగు.

చదివేవాడి కళ్లద్దాలు

మొగ్గు పత్రికలోనే ఉంటుందనుకుంటే సగమే చూసినట్టు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వలోన్, రాస్, లెపర్ 1985లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. 1982లో బీరూట్‌లో జరిగిన ఊచకోత మీద టీవీ వార్తలను ఇజ్రాయెల్ అనుకూల విద్యార్థులకూ అరబ్ అనుకూల విద్యార్థులకూ చూపించారు. చూసింది అవే వార్తలు. అవి తమ పక్షానికి వ్యతిరేకంగా ఉన్నాయని రెండు వర్గాలూ చెప్పాయి. ఒక పక్షం మీద గట్టి అభిమానం ఉన్నవాడికి తటస్థ వార్త కూడా శత్రువు రాసినట్టే కనిపిస్తుందని ఈ ప్రయోగం సారం.

మూడు రాజధానుల చర్చ జరిగిన రోజుల్లో విశాఖ విద్యార్థులకు ఇది స్వయంగా ఎదురైంది. 2019 డిసెంబరులో ప్రతిపాదన వచ్చింది, 2021 నవంబరులో చట్టాన్ని ఉపసంహరించుకున్నారు, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. ఆ కాలమంతా సొంత ఊరి ప్రయోజనమే వార్త అయింది. అలాంటప్పుడు ‘ఈ వార్త మొగ్గుతో రాశారు’ అనిపించిన ప్రతిసారీ ఇదే వార్త తాడేపల్లిలోనో కర్నూలులోనో చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం మంచి పరీక్ష.

పరిశోధన అయినంత మాత్రాన తటస్థం కాదు

వార్తలను అనుమానించే విద్యార్థి కూడా ‘ఒక అధ్యయనం ప్రకారం’ అన్న మాట దగ్గర తలవంచుతాడు. అధ్యయనంలో మొగ్గు క్రియాపదాల్లో దొరకదు, నిర్వచనాల్లో దొరుకుతుంది.

నిరుద్యోగాన్నే తీసుకోవచ్చు. 2023 జులై నుంచి 2024 జూన్ వరకు కేంద్ర గణాంక శాఖ చేసిన శ్రామికశక్తి సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడినవారిలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. అదే సర్వే, అదే ఏడాది, వారం లెక్కన అడిగితే 4.9 శాతం. మళ్లీ ఏడాది లెక్కనే 15–29 ఏళ్ల యువతలో 10.2 శాతం. మొదటి లెక్క గడిచిన ఏడాది మొత్తాన్ని చూస్తుంది, ఏడాదిలో 30 రోజులు చేసిన అనుబంధ పనిని కూడా ఉపాధిగానే లెక్కిస్తుంది. రెండోది గడిచిన వారాన్నే చూస్తుంది, ఆ వారంలో ఒక్క గంట పని దొరికినా ఉపాధి ఉన్నట్టే. అధికార పక్షం 3.2 తీసుకుంటుంది. ప్రతిపక్షం 10.2 తీసుకుంటుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ప్రభుత్వ సర్వేనే. గ్రూప్స్ వ్యాసంలో ఏ అంకె రాసినా పక్కన ‘ఏ వయసు, ఏ కాలం’ అన్న రెండు మాటలు లేకపోతే అది ఒక పార్టీ వాదనను తెలియకుండా మోసినట్టే.

రాష్ట్ర అప్పుల గొడవ సరిగ్గా ఇలాంటిదే. బడ్జెట్‌లో చూపిన అప్పు ఒకటి. ప్రభుత్వ గ్యారంటీతో కార్పొరేషన్ల పేరిట తెచ్చింది ఇంకొకటి. కాంట్రాక్టర్లకు, ఉద్యోగులకు ఇవ్వాల్సిన పెండింగ్ బిల్లులు మరొకటి. ఎవరు ఏయే అరలు కలిపి మొత్తం చెబుతున్నారో చూడకుండా రెండు పార్టీల అంకెలను పోలిస్తే అర్థం ఉండదు. కాగ్ ఏటా ఇచ్చే రాష్ట్ర ఆర్థిక నివేదిక, రిజర్వ్ బ్యాంకు రాష్ట్రాల బడ్జెట్లపై ప్రచురించే అధ్యయనం ఈ అరలను విడివిడిగా చూపిస్తాయి.

పత్రికల సంగతి ఎలా ఉన్నా, అంతర్జాతీయ స్థాయి పరిశోధన కూడా తప్పుతుంది. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ప్రసిద్ధ ఆర్థికవేత్తలు దేశ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి దారుణంగా పడిపోతుందని రాశారు. ప్రభుత్వ ఖర్చులు కోయాలన్న రాజకీయ నాయకులు ఆ పత్రాన్ని జెండాలా పట్టుకున్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు అసైన్‌మెంటు కోసం ఆ లెక్కను మళ్లీ చేయబోయాడు, కుదరలేదు. రచయితల నుంచి అసలు ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని చూస్తే సగటు తీసిన చోట అయిదు దేశాల వరుసలు లెక్కలోకే రాలేదు. కొన్ని ఏళ్ల సమాచారం వదిలేయడం, దేశాలకు బరువులు వేసిన తీరు కూడా కలిశాయి. మైనస్ 0.1 శాతం అన్న సగటు వృద్ధి సరిచేస్తే 2.2 శాతం అయింది. 2013లో ఇది బయటపడ్డాక రచయితలు ఎక్సెల్ పొరపాటును ఒప్పుకున్నారు, మొత్తం వాదనను మాత్రం వదులుకోలేదు. ఇక్కడ ఆ రచయితలు ఏ పార్టీ వాళ్లని హెర్న్‌డన్ అడగలేదు. ఫైలు అడిగాడు.

మేధో సంస్థల నివేదికల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. శ్యామాప్రసాద్ ముఖర్జీ రీసెర్చ్ ఫౌండేషన్ బీజేపీ భావధారకు, రాజీవ్‌గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కంటెంపరరీ స్టడీస్ కాంగ్రెస్‌కు దగ్గరివి. అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు రిలయన్స్ నిధుల చరిత్ర ఉంది. వీటి నివేదికల్లో మంచి సమాచారం ఉంటుంది, కానీ చాలావరకు బయటి నిపుణుల సమీక్ష దాటి వచ్చినవి కావు. ఏ ప్రశ్న మీద అధ్యయనం చేయాలో ఎంచుకోవడంలోనే మొగ్గు పనిచేసి ఉంటుంది. ఇక జర్నళ్ల విషయానికొస్తే, నమ్మదగిన జర్నళ్లంటూ ఇచ్చే కేర్ జాబితాను యూజీసీ ఆపేసిన తర్వాత ఏ జర్నల్ నమ్మదగిందో తేల్చే పని విశ్వవిద్యాలయాల మీద, పరిశోధక విద్యార్థుల మీదే పడింది.

పేజీ వదిలి పక్కకు చూడటం

2017లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన వైన్‌బర్గ్, మెక్‌గ్రూ మూడు వర్గాలవారిని వెబ్‌సైట్లను పరీక్షించమన్నారు: పది మంది చరిత్రకారులు, పది మంది వృత్తి ఫ్యాక్ట్ చెకర్లు, పాతిక మంది విద్యార్థులు. చరిత్రకారులు, విద్యార్థులు ఎక్కువగా అదే పేజీలో ఉండిపోయి పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. అందమైన లోగో, పెద్ద పేరు, వరుసగా ఇచ్చిన ఆధారాలు చూసి చాలామంది మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు కొద్ది క్షణాల్లోనే ఆ పేజీని వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూసి తిరిగొచ్చారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. ‘బాగా చదువు’ అని చిన్నప్పటి నుంచి విన్నవారికి ఇది కాస్త మింగుడుపడదు: తెలియని చోటును తూచాలంటే ముందు దాన్ని చదవడం ఆపాలి.

అమెరికాలో పత్రికలను ఎడమ, మధ్య, కుడి అని వర్గీకరించే పట్టికలున్నాయి. వాటిని ఇక్కడికి తెచ్చుకోవడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన గీత ఎడమ పక్షానికీ కుడి పక్షానికీ మధ్య లేదు, రెండు ప్రాంతీయ పక్షాల మధ్య ఉంది. సంక్షేమ పథకాల మీద ఆ రెండింటి విధానాలు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. పథకం ఎవరిదన్న దగ్గరే గొడవ. ఇక ఫ్యాక్ట్ చెక్ అన్న పేరున్న ప్రతిదీ సమానం కాదు. ప్రభుత్వం గురించిన వార్తలను ప్రభుత్వ విభాగమే నిజమో అబద్ధమో తేల్చేలా తెచ్చిన ఐటీ నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు ఏ ఆధారంతో తేల్చాయో లింకులిస్తాయి కాబట్టి, వారి తీర్పును నమ్మకపోయినా వారు చూసిన కాగితాన్ని పాఠకుడు తానూ చూడొచ్చు.

నడుమ గీత గీస్తే నిజం దొరకదు

మొగ్గు గురించి తెలిశాక చాలామంది విద్యార్థులు ఇంకో గోతిలో పడతారు. ఈ పేపరు ఒక మాట, ఆ పేపరు ఇంకో మాట అంటే నిజం మధ్యలో ఎక్కడో ఉంటుందనుకుంటారు. ఒకరు వందమంది వచ్చారని, ఇంకొకరు పదివేలమంది వచ్చారని రాస్తే సభకు వచ్చినవాళ్లు అయిదువేల యాభై మంది కారు. ఎవరో ఒకరు మైదానానికి వెళ్లి లెక్కపెట్టి ఉండాలి.

దీనికంటే పనికొచ్చే గుర్తు ఒకటుంది: తన పక్షానికి నష్టం కలిగించే విషయాన్ని పత్రిక ఒప్పుకున్న చోటు. అధికార పక్షానికి దగ్గరి పత్రిక ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కొరత ఉందని రాస్తే, ప్రతిపక్ష పత్రిక ఒక ప్రభుత్వ రోడ్డు బాగుందని రాస్తే ఆ వాక్యం కింద గీత గీయాలి. సొంత అభిమానుల కోపాన్ని భరించి రాసిన మాటకు బరువు ఎక్కువ.

విశాఖ ఉక్కు నష్టాల దగ్గర ఈ రెండూ కలుస్తాయి. సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడమే కారణమని ఒక వాదన. 30 లక్షల టన్నుల నుంచి 73 లక్షల టన్నులకు విస్తరించడానికి చేసిన అప్పులు, నిర్వహణ లోపాలు కారణమని ఇంకో వాదన. ఒకదాన్ని చెప్పే వార్త రెండోదాన్ని సాధారణంగా వదిలేస్తుంది. చెరి సగం కారణం అని రాసేయడం తేలిక, కానీ అది ఎవరూ లెక్కించని సగం. సంస్థ వార్షిక నివేదికల్లో ముడి సరుకుల ఖర్చు ఒక పద్దులో, వడ్డీ ఖర్చు ఇంకో పద్దులో, ఉత్పత్తి టన్నులు మరో చోట ఉంటాయి. అయిదారేళ్ల నివేదికలు వరుసగా పెట్టి, ఒక్కో టన్నుకు ఖనిజం మీద ఎంత, వడ్డీ మీద ఎంత పడిందో భాగించి, సొంత గనులున్న సెయిల్ లెక్కతో పోలిస్తే ఏ వాదనకు ఎంత బరువో కాగితం మీద కనిపిస్తుంది. దానికి ఒక మధ్యాహ్నం, ఒక క్యాలిక్యులేటర్ సరిపోతాయి.